దసరాకు హోయి ఆన్ వద్దు: వియత్నాంలో ఏ నెలకు ఏ ఊరు

వియత్నాం ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఏ నెలలో అడిగినా ఒకటే జాబితా చదువుతారు: హనోయి, హా లాంగ్, డానాంగ్, హోయి ఆన్, సైగాన్ (ఇప్పటి హో చి మిన్ సిటీ). ఊళ్లన్నీ మంచివే. కానీ అవన్నీ ఒకే నెలలో బాగుండవు. ఎక్కడికి వెళ్లాలో చూసే ముందు ఎప్పుడు వెళ్తున్నామో చూసుకోవాలి. ఈ దేశంలో ఊరిని ఎంచేది నెలే.

ఉత్తరం నుంచి దక్షిణానికి దేశం దాదాపు 1,650 కిలోమీటర్ల పొడవు. మధ్యలో మాత్రం నడుము పట్టేసినట్టు ఒకచోట 50 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. పడమటి సరిహద్దు పొడుగునా చువాంగ్ సోన్ కొండలు గోడలా నిలబడి ఉంటాయి. వాన ఎక్కడ ఎప్పుడు పడాలో తేల్చేవి ఈ కొండలే. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు సైగాన్‌నీ, మెకాంగ్ డెల్టానీ, ఫూ క్వాక్ దీవినీ తడుపుతాయి. అదే గాలి కొండ దాటి మధ్య తీరానికి దిగేసరికి తడంతా అవతలే రాల్చేసి వడగాలి అవుతుంది. అక్కడివాళ్లు దాన్ని లావో గాలి అంటారు. సెప్టెంబరు నుంచి కథ తిరగబడుతుంది. ఈశాన్య గాలి సముద్రం మీద నుంచి తేమ మోసుకొచ్చి ఈ కొండలకు కొట్టుకుంటుంది. అప్పుడు హ్వే, డానాంగ్, హోయి ఆన్ ముసురు పట్టి కూర్చుంటాయి. అక్టోబరు, నవంబరు నెలలు మరీ గట్టివి. నెల్లూరు వైపు వాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు, వాళ్ల వాన కూడా ఇదే గాలిది.

మన సెలవులకు ఈ లెక్క వేసి చూస్తే చాలా గందరగోళం తీరిపోతుంది.

వేసవి సెలవులైతే మధ్య తీరానికే వెళ్లాలి. మే, జూన్ నెలల్లో డానాంగ్, హోయి ఆన్ సముద్రం నిలకడగా, ఈతకు వీలుగా ఉంటుంది. ఎండ గట్టిదే, 35 డిగ్రీలు దాటుతుంది. అయినా పొద్దున, సాయంత్రం తీరంలో గడిపి మధ్యాహ్నం గదిలో ఉండేవాళ్లకు ఇబ్బంది లేదు. మే ఆఖరు, జూన్ మొదట్లో హనోయి దగ్గరి నిన్ బిన్‌లో వరి పండి పసుపు తిరుగుతుంది కాబట్టి దాన్ని కూడా కలుపుకోవచ్చు. ఫూ క్వాక్ మాత్రం అప్పుడు వద్దు. పడమటి తీరమంతా అలలతో, కొట్టుకొచ్చిన చెత్తతో ఉంటుంది. చవగ్గా వస్తోందని తీసుకునే జూలై ప్యాకేజీ అందుకే అంత చవక.

దసరాకైతే ఉత్తరానికి. అక్టోబరు, నవంబరు నెలల్లో హనోయి ఏడాది మొత్తంలోకీ హాయిగా ఉంటుంది. ఉక్క తగ్గి, ఆకాశం తేరుకుంటుంది. అప్పుడే హోయి ఆన్‌లో థూ బోన్ నది పొంగి పాత ఊరి వీధుల్లోకి పడవలు వస్తాయి. 2025 అక్టోబరు చివర హ్వే, హోయి ఆన్ రెండూ నీట మునిగాయి. ప్రతి ఏడూ అంత రాకపోవచ్చు గానీ, నది ఒడ్డున ఉన్న బాక్ డాంగ్ వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు ఆ ఊరివాళ్లకు వింత కాదు.

సంక్రాంతికైతే దక్షిణానికి. డిసెంబరు నుంచి మార్చి దాకా సైగాన్, మెకాంగ్ డెల్టా, ఫూ క్వాక్ పొడిగా ఉంటాయి. ఆ రోజుల్లో హనోయిలో 15 డిగ్రీల చుట్టూ తడి చలి. అంకె చూసి తేలిగ్గా తీసుకోకండి. అక్కడి మామూలు ఇళ్లలో, చిన్న హోటళ్లలో వేడి చేసే ఏర్పాటు ఉండదు, దుప్పటి కూడా చెమ్మగా తగులుతుంది. ఫిబ్రవరి, మార్చిలో రోజుల తరబడి సన్నటి తుంపర. హా లాంగ్ కొండలు కనపడవు, మంచులో వాటి నీడలే కనపడతాయి.

ఉత్తరం, మధ్య, దక్షిణం మూడూ ఒకే ప్రయాణంలో చూడాలని పట్టుదల ఉంటే మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మూడో వారం వరకు ఒక్కటే అందుకు సరైన సమయం.

తర్వాత రాత్రుల లెక్క. ఊరు మారిన ప్రతిసారీ పూట పోతుంది. హోటళ్లలో గది ఖాళీ చేసేది 11 లేదా 12 గంటలకు, కొత్త గది ఇచ్చేది 2 గంటలకు. మధ్యలో విమానం ఉంటే ఆ రోజు గల్లంతే. పది రోజుల సెలవంటే తొమ్మిది రాత్రులు. వాటిని మూడు బసలుగా పంచితే బాగుంటుంది, నాలుగుకు సాగదీయొచ్చు, ఐదైతే పెట్టెలు సర్దడమే మిగులుతుంది. ఒక ఊళ్లో దిగి ఇంకో ఊరి నుంచి తిరిగొచ్చేలా విమానం టికెట్ తీసుకుంటే వెనక్కి వచ్చే రోజు మిగులుతుంది. హనోయిలో దిగి డానాంగ్ నుంచో, సైగాన్ నుంచో ఎక్కడం ఇక్కడ మామూలే.

ఇక ఊళ్లు ఒక్కొక్కటీ.

హోయి ఆన్‌కు మూడు రాత్రులు ఇవ్వాలి. రెండు చాలవు, అందుకు కారణముంది. పాత ఊరు పగలు పది నుంచి సాయంత్రం ఎనిమిది దాకా జనంతో కిక్కిరిసి ఉంటుంది. డానాంగ్ నుంచి వచ్చిన బస్సులన్నీ ఆ వేళలోనే దింపుతాయి. ఊరు ఊరిలా కనిపించేది పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య. పసుపు గోడల మీద ఏటవాలు ఎండ పడుతుంటుంది, దుకాణాల చెక్క పలకలు ఒక్కొక్కటే తీస్తుంటారు. ఆ రెండు గంటలు దొరకాలంటే అక్కడే పడుకోవాలి. పాత ఇళ్లు చూడటానికి విదేశీయులకు 1,20,000 డాంగ్ (అక్కడి కరెన్సీ) టికెట్, దాంతో ఎంచుకున్న కొన్ని చోట్లకే ప్రవేశం. ఫూంగ్ హూంగ్ ఇల్లు తప్పక ఎంచుకోండి. మేడ నేలలో చతురస్రంగా ఒక తలుపు ఉంటుంది. వరద వచ్చినప్పుడు కింది సరుకును దాన్లోంచి పైకి లాగేసేవారు. టాన్ కీ ఇంటి గోడ మీద ఏ ఏడు నీళ్లు ఎంతెత్తుకు వచ్చాయో గుర్తులు పెట్టి ఉంచారు. ఈ ఊరి గురించి వంద ఫొటోలు చెప్పనిది ఆ గోడ చెబుతుంది.

బస పాత ఊళ్లోనే కావాలని పట్టుబట్టొద్దు. అక్కడికి కార్లు వెళ్లవు, పెట్టెలు లాక్కుంటూ నడవాలి, రాత్రి సందడి గదిలోకి వినిపిస్తుంది. పాత ఊరికీ ఆన్ బాంగ్ బీచికీ మధ్య వరిపొలాల పక్కన చిన్న హోటళ్లు బోలెడు. అటూ ఇటూ సైకిల్ మీద పది, పదిహేను నిమిషాలు. బీచి అంటే ఆన్ బాంగే. క్వా డాయ్ తీరం కోతకు గురై చాలాచోట్ల ఇసుక సంచులు పేర్చి ఉంటుంది, పాత ఫొటోలు చూసి అక్కడ గది తీసుకుంటే నిరాశ తప్పదు. చాంద్రమానం ప్రకారం నెలలో 14వ రాత్రి, అంటే మన పౌర్ణమికి కాస్త ముందు, పాత ఊళ్లో కరెంటు దీపాలు తగ్గించి కాగితపు దీపాలు నదిలో వదులుతారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ గది ధర, జనం రెండూ పెరుగుతాయి.

బట్టలు కుట్టించుకోవడానికి చాలామంది ఈ ఊరికి వస్తారు. 24 గంటల్లో సూటు ఇస్తామని బోర్డులు ఉంటాయి. ఇస్తారు కూడా, సరిగ్గా అమరేది మాత్రం అరుదు. దిగిన రోజే కొలతలిచ్చి, రెండోరోజు ఒకసారి, మూడోరోజు ఇంకోసారి తొడిగి చూసుకోవాలి. మూడు రాత్రులు అనడానికి ఇది ఇంకో కారణం. ఉన్ని అని చెప్పిన గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూపించమనండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఎక్కువగా తప్పేది చంక దగ్గర. చేయి పైకెత్తితే కోటు మొత్తం లేస్తుందంటే చంక కోత కిందికి దిగిందన్నమాట, దాన్ని ఒక్క రాత్రిలో సరిచేయలేరు. లోపలి కుట్టు పక్కన రెండు సెంటీమీటర్ల గుడ్డ వదలమని ముందే చెబితే ఇంటికొచ్చాక మన టైలరైనా వదులు చేయగలడు.

హోయి ఆన్‌కు రైలు స్టేషన్ లేదు, విమానాశ్రయం లేదు. రెండింటికీ డానాంగే దిక్కు. దూరం 30 కిలోమీటర్లు, కారులో ముప్పావుగంట. 2025 జూలైలో రాష్ట్రాలు కలిపేశాక హోయి ఆన్ కాగితాల మీద డానాంగ్ నగరంలో భాగమైంది. హోటల్ బుక్ చేసేటప్పుడు చిరునామాలో డానాంగ్ అని కనిపిస్తే కంగారు పడకుండా మ్యాపులో చుక్క ఎక్కడుందో చూసుకోండి. డానాంగ్ నడిబొడ్డు అనుకుని తీసుకున్న గది హోయి ఆన్‌లో తేలడం, హోయి ఆన్ అనుకున్నది డానాంగ్ శివారులో తేలడం రెండూ జరుగుతాయి.

డానాంగ్ పిల్లలున్న కుటుంబాలకు అనువైన ఊరు. మీ ఖే బీచి పొడవుగా, శుభ్రంగా ఉంటుంది, ఎదురుగానే ఎత్తైన హోటళ్లు. ఊరిగా చూస్తే మాత్రం కొత్త కట్టడాల నగరమే. రెండు చేతులు మోసే బంగారు వంతెన ఉన్న బా నా కొండల కోసం ఒక రోజు కేటాయిస్తారు చాలామంది. అది 2018లో తెరిచిన వంతెన, వినోద పార్కులో భాగం. కొండ మీద మబ్బు కమ్మితే వంతెన మీద నిలబడినా పక్క మనిషే కనపడడు. అందుకే టికెట్ ముందే కొనకుండా, ఆ రోజు పొద్దున కొండ తేటగా ఉందో లేదో చూసి కొనడం మేలు. మొదటి కేబుల్ కారుల్లోనే ఎక్కేయాలి, తొమ్మిదిన్నర దాటితే వరస వరసే.

హ్వేను చాలామంది జాబితాలోంచి కొట్టేస్తారు. ఈ దేశంలో అన్యాయంగా వదిలేసే ఊరు ఏదైనా ఉందంటే ఇదే. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని. 1993లో దేశంలో అన్నిటికన్నా ముందు యునెస్కో గుర్తింపు వచ్చింది దీనికే. కోటకు టికెట్ 2 లక్షల డాంగ్, మూడు గంటలు పడుతుంది. నీడ తక్కువ కాబట్టి తలుపులు తీసే వేళకే వెళ్లాలి. లోపల చాలా భాగం యుద్ధాల్లో నేలమట్టమైంది, అది తెలిసి వెళ్తే ఖాళీ పచ్చిక కూడా ఏదో చెబుతుంది. రాజుల సమాధులు ఊరికి దూరంగా విడివిడిగా ఉంటాయి. అన్నీ చూడబోతే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మిన్ మాంగ్, ఖాయ్ దిన్ రెండూ చాలు. మొదటిది చెరువులతో, చెట్లతో ప్రశాంతమైన తోట. రెండోది కాంక్రీటు మీద పింగాణీ పెంకులతో నింపేసిన కట్టడం. ఒకే వంశంలో రెండు అభిరుచులు ఎంత దూరం పోయాయో పక్కపక్కనే కనిపిస్తుంది. రెండు రాత్రులు ఇవ్వండి.

హ్వే నుంచి డానాంగ్‌కు 103 కిలోమీటర్లు. దీన్ని తప్పకుండా రైల్లోనే వెళ్లాలి. రోడ్డు 2005లో తెరిచిన సొరంగంలోంచి పోతుంది, ఏమీ కనిపించదు. రైలు మాత్రం హాయ్ వాన్ కొండ అంచు పట్టుకుని, సముద్రం పక్కనే, రెండున్నర మూడు గంటలు మెల్లగా పాకుతుంది. డానాంగ్ వైపు వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ, హ్వే వైపు వచ్చేటప్పుడు కుడి కిటికీ. స్లీపర్ బోగీలో కాక కూర్చునే బోగీలో టికెట్ తీసుకోండి. 2024 మార్చి నుంచి ఈ రెండు ఊళ్ల మధ్యే నడిచే వారసత్వ రైలు కూడా ఉంది. హనోయి, సైగాన్ మధ్య నడిచే రైళ్లు ఎక్కడో ఆలస్యమై వస్తుంటాయి, ఇది తక్కువ దూరం కాబట్టి ఆ బెడద తక్కువ. ఇంకో సంగతి. డానాంగ్ స్టేషన్‌లో పట్టాలు ఆగిపోతాయి. అక్కడ ఇంజన్ ఇటు నుంచి అటు మార్చి రైలు వెనక్కి బయల్దేరుతుంది. దక్షిణానికి ఇంకా పోయేవాళ్లకు అప్పటిదాకా ముందుకు చూసిన సీటు వెనక్కి చూస్తుంది.

హనోయి నుంచి హ్వే 688 కిలోమీటర్లు, రాత్రి రైల్లో 13, 14 గంటలు. నాలుగు బెర్తుల గది, ఆరు బెర్తుల గది అని రెండు రకాలు. ఆరింటిలో పై బెర్తు మీద కూర్చోవడం కుదరదు, పాక్కుంటూ దూరాలి. తేడా డబ్బు పెట్టి నాలుగు బెర్తులది తీసుకోండి, కింది బెర్తయితే పెట్టెలు దాని అడుగునే పడతాయి. రాత్రి స్లీపర్ బస్సు చవకే గానీ, ఐదడుగుల ఏడంగుళాలు దాటినవాళ్లు అందులో కాళ్లు చాపలేరు.

హనోయికి దగ్గర్లో ఒక్క ఊరికే సమయం ఉందంటే అది నిన్ బిన్. నగరం నుంచి 95 కిలోమీటర్లు, రెండు గంటలు. లిమోజిన్ అని రాసి ఉంటే పొడుగు కారు అనుకోకండి, తొమ్మిదో పదకొండో సీట్లున్న వ్యాను. అందరూ పొద్దున వచ్చి సాయంత్రం పోతారు, అక్కడే పొరపాటు. రెండు రాత్రులు టామ్ కోక్ దగ్గర ఉంటే గుంపులు రాకముందే పడవ ఎక్కొచ్చు. చాంగ్ ఆన్‌లో పడవ టికెట్ 2,50,000 డాంగ్, ఒక పడవకు నలుగురు. మొదటి దారిలో తొమ్మిది గుహలు, సుమారు మూడు గంటలు. మూడో దారిలో గుహలు తక్కువ, కానీ ఒక్కటే కిలోమీటరు పొడవు. ఇరుకు చోట్లలో భయపడేవాళ్లకు అది వద్దు. టామ్ కోక్‌లో పడవ నడిపేవాళ్లు వెల్లకిలా ఒరిగి కాళ్లతో తెడ్డు వేస్తారు. పొలాల మధ్య నుంచి సాగే దారి, నీడ లేదు. వరి పచ్చగానో పసుపుగానో ఉన్నప్పుడే అది అందం, కోసేశాక ఉత్త మడి. హాంగ్ మువా కొండకు సుమారు 500 మెట్లు. సూర్యాస్తమయానికి అందరూ ఎక్కుతారు, తెల్లవారుజామున ఎక్కితే కొండంతా మీ ఒక్కరిదే.

హనోయికి రెండు రాత్రులు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ వాహనాలు ఆపేస్తారు. ఆ వీధుల్లో హోటల్ ఉంటే పెట్టెలతో నడక తప్పదు.

హా లాంగ్ ఊరు బసకు పనికిరాదు, సముద్రమే చూడాలి. పగటి పడవలో అయితే రోడ్డు మీదే ఐదారు గంటలు పోతాయి. ఒక రాత్రి పడవలో గడపగలిగితేనే వెళ్లండి. కాట్ బా దీవి వైపు ఉన్న లాన్ హా అఖాతంలో పడవలు తక్కువ. జూలై నుంచి సెప్టెంబరు తుఫాన్ల కాలం. హెచ్చరిక రాగానే రేవు అధికారులు పడవలన్నీ ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో యాగి తుఫాను ఆ తీరాన్ని చీల్చేసింది. అందుకే ఆ నెలల్లో పడవను ప్రయాణం మొదట్లో పెట్టుకోండి, ఆగిపోతే జరపడానికి రోజులుంటాయి. డబ్బు వాపసు షరతు రాతలో ఉండేలా చూసుకోండి.

ఉత్తరాన కొండల్లో ఉన్న సాపాకు సెప్టెంబరులో వెళ్తే మెట్ల పొలాలన్నీ బంగారం. అక్టోబరు సగానికి కోతలైపోతాయి. ఊరు ఇప్పుడు హోటళ్లతో, కట్టడాల దుమ్ముతో నిండింది. కిందికి దిగి టా వాన్ లాంటి పల్లెలో ఉండటమే మంచిది. రైలు లావో కాయ్ వరకే, అక్కడి నుంచి కొండ మీదికి ఇంకో 38 కిలోమీటర్లు. డిసెంబరు, జనవరిలో పొగమంచులో రోజంతా కూర్చునే అవకాశమే ఎక్కువ.

దక్షిణంలో ఎంపిక సులువు. సైగాన్ రెండు రాత్రులు. మెకాంగ్ కోసం కాన్ థోలో ఒక రాత్రి ఉండి తెల్లారి ఐదున్నరకల్లా కాయ్ రాంగ్ తేలే సంతకు వెళ్లాలి. రోడ్లు, వంతెనలు వచ్చాక సరుకు పడవలు బాగా తగ్గిపోయాయి, పాత ఫొటోల్లోలా ఉండదు. సైగాన్ నుంచి ఒక్కరోజు ట్రిప్పుల్లో ఈ సంత రాదు, కొబ్బరి మిఠాయి కార్ఖానా, తేనె దుకాణం వస్తాయి. డాలాట్ 1,500 మీటర్ల ఎత్తులో చల్లటి ఊరు. మనకు ఊటీ, కొడైకెనాల్ తెలిసినవే కాబట్టి ఇంత దూరం వచ్చి దానికి రాత్రులు ఖర్చు చేయక్కర్లేదు.

తిండి విషయం ఊళ్ల ఎంపికకు బాగా సంబంధించినదే. శాకాహారులకు హ్వేను మించిన ఊరు లేదు. బౌద్ధ మఠాల ఊరు కావడంతో శాకాహార వంట అక్కడ ఒక సంప్రదాయం. బోర్డు మీద చూడాల్సిన మాట చాయ్. మనకది టీ, వాళ్లకు శాకాహారం. ఆ మాట లేనిచోట కూరగాయలు మాత్రమే అని అడిగినా చేపల రసం పడుతుంది, దాన్ని వాళ్లు మాంసం కింద లెక్కేయరు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మామూలు జనం కూడా చాయ్ తింటారు కాబట్టి ఆ రోజుల్లో ఎక్కడైనా దొరుకుతుంది. చాయ్ హోటల్లో మాంసంలా కనిపించే ముక్క వస్తే అది సోయా, గోధుమ జిగురుతో చేసినదే.

డబ్బులో జాగ్రత్త పడాల్సింది ఒక్కటి. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలమే. రాత్రి టాక్సీలో ఒకటి అనుకుని ఇంకోటి ఇవ్వడం తేలిక, తేడా 25 రెట్లు. ఐదు లక్షల నోట్లు వేరే అరలో పెట్టండి.

స్కూటర్ అద్దెకు ఎక్కడైనా ఇస్తారు, కాగితం అడగరు. కానీ మన దగ్గర ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 ఒప్పందం కిందిది, వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం పర్మిట్‌ని. అంటే ప్రమాదం జరిగితే ప్రయాణ బీమా కూడా చేతులెత్తేస్తుంది. సైకిల్‌కు అనువైన హోయి ఆన్, నిన్ బిన్ లాంటి ఊళ్లు ఎంచుకోవడానికి ఇదొక మంచి కారణం.

ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, గరిష్ఠంగా 90 రోజులు. తిరస్కరించినా డబ్బు తిరిగి రాదు. మనవాళ్లకు తప్పేది పేరు దగ్గరే. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఫారంలోనూ పూర్తిగా ఉండాలి, పొడి అక్షరాలు కుదరవు. పుట్టినతేదీలో రోజు, నెల తారుమారు కాకుండా చూడండి. వీసా చేతికొచ్చాక ప్రతి అక్షరం పాస్‌పోర్టు పక్కన పెట్టి సరిచూసుకోవాలి. తప్పుంటే మళ్లీ దరఖాస్తు చేయడమే.

రెండు పండుగలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. టెట్, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, 2027లో ఫిబ్రవరి 6న. దానికి వారం ముందు నుంచి రైళ్లు నిండిపోతాయి, పండుగ మూడు నాలుగు రోజులూ చిన్న హోటళ్లు, కుట్టు దుకాణాలు మూసేస్తారు. ఇంకోటి ఏప్రిల్ 30, మే 1. దేశమంతా సెలవు, జనమంతా డానాంగ్ బీచికే. వేసవి సెలవుల ప్రయాణాన్ని మే 5 తర్వాత మొదలుపెడితే అదే గది మామూలు ధరకే దొరుకుతుంది.